హార్డ్ డిస్కుల వాదనలో అంకెలు, వాటి షరతులు

ఒంగోలులో పెళ్లి వీడియోలు తీసే స్టూడియో యజమాని, నెల్లూరులో సీసీ కెమెరాలు బిగించే మెకానిక్, కావలిలో కొత్తగా ల్యాప్‌టాప్ కొనుక్కున్న ఇంజినీరింగ్ విద్యార్థి కలిసి ‘ఏ కంపెనీ హార్డ్ డిస్క్ మంచిది’ అన్న మాట మీద వాదనకు దిగితే, అది తెల్లవార్లూ సాగినా తెగదు. ‘‘ఆ కంపెనీది మాత్రం కొనబాకండి, మాది ఏడాది తిరక్కముందే పోయింది’’ అని ఒకరంటారు. ‘‘అదే కంపెనీది మా ఇంట్లో ఎనిమిదేళ్లుగా నడస్తా ఉంది’’ అని ఇంకొకరు అడ్డం వస్తారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఒకరి డిస్క్ రేకుల షెడ్డులో ఉడుకుతూ రాత్రీపగలూ కెమెరాల దృశ్యాలు రాసుకుంది, ఇంకొకరిది వారానికి రెండు గంటలు తిరిగింది. ఆ సంగతి మాత్రం ఇద్దరూ చెప్పరు. నిల్వ పరికరాల గురించి చెప్పే ప్రతి అంకె వెనుకా, ప్రతి అనుభవం వెనుకా ఒక షరతు ఉంటుంది. వాదన వేడెక్కేకొద్దీ అంకె నోట్లో నిలుస్తుంది, షరతు జారిపోతుంది. జారిపోయిన ఆ షరతును మళ్లీ అంకె పక్కన పెట్టి చూస్తే, ఏళ్ల తరబడి తెగని తగాదాల్లో చాలా భాగం సులువుగానే తేలిపోతుంది.

ముందుగా కంపెనీ పేరు సంగతి చూడాలి. ఐబీఎం 2000లో తెచ్చిన డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ డిస్కులు ఎంతగా పాడయ్యాయంటే, వాడినవాళ్లు వాటికి ‘డెత్‌స్టార్’ అని పేరు పెట్టారు, వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. ఆ తర్వాత ఐబీఎం తన డిస్కుల వ్యాపారాన్ని హిటాచీకి అమ్మేసింది. వేలాది డిస్కులను నడుపుతూ, వాటిలో ఏవి ఎంత పాడవుతున్నాయో 2013 నుంచి నమోదు చేసి ప్రకటిస్తున్న బ్యాక్‌బ్లేజ్ సంస్థ 2014 తొలినాళ్లలో లెక్కలు బయటపెట్టినప్పుడు, అన్నిటికంటే తక్కువగా పాడైనవి ఆ హిటాచీ డిస్కులే. డెస్క్‌స్టార్ పేరు అప్పటికీ వాటి మీద ఉంది. అదే లెక్కల్లో సీగేట్ కంపెనీ 3 టీబీ మోడల్ ఒకటి దారుణంగా దెబ్బతినగా, అదే కంపెనీ 4 టీబీ మోడల్ అదే గదుల్లో, అదే పని చేస్తూ ఎంతో మెరుగ్గా నిలబడింది. కాబట్టి మంచిచెడ్డలు మోడల్‌కు ఉంటాయి, ఆ మోడల్ తయారైన కాలానికి ఉంటాయి. కంపెనీ పేరుకు అంతటి బలం లేదు. పైగా ఈనాడు హార్డ్ డిస్కులు తయారుచేసే పెద్ద కంపెనీలు సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా అని మూడే మిగిలాయి. మాక్స్‌టర్, సామ్‌సంగ్ డిస్కుల వ్యాపారాలు సీగేట్‌లో కలిశాయి, హిటాచీది 2012లో వెస్టర్న్ డిజిటల్ చేతికి వెళ్లింది. పదిహేనేళ్ల కిందటి అనుభవంతో ఒక పేరును మెచ్చుకోవడమో తిట్టుకోవడమో చేసేవారు, ఆ పేరు కింద ఇప్పుడు ఎవరి కర్మాగారం ఉందో చూసుకోవలసి ఉంటుంది.

బ్యాక్‌బ్లేజ్ 2024 లెక్క ప్రకారం అన్ని మోడళ్లూ కలిపి ఏడాదికి పాడైన హార్డ్ డిస్కులు 1.57 శాతం. ఒక వీధిలో వంద ఇళ్లలో తలా ఒక డిస్క్ ఉందనుకుంటే, ఏడాదిలో ఒకటో రెండో పోతాయి. తొంభై ఎనిమిది ఇళ్లవాళ్లకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు కనుక మాట్లాడరు. పిల్లల పుట్టెంట్రుకల ఫొటోలు పోగొట్టుకున్న ఆ ఇద్దరు మాత్రం కనిపించిన ప్రతివాళ్లకూ చెబుతారు, చెప్పాలి కూడా, ఆ బాధ అలాంటిది. కానీ వినేవాళ్ల చెవిలో పడేది ఆ ఇద్దరి మాటే కావడంతో, ఆ కంపెనీ డిస్కులన్నీ పోతాయన్న అభిప్రాయం స్థిరపడుతుంది. మరోవైపు, 1.57 శాతం అనేది ఒక్క ఏడాది లెక్క అన్న సంగతినీ మరవకూడదు. అదే రేటు అయిదేళ్లు సాగితే వందలో ఏడెనిమిది పోతాయి. నాలుగు డిస్కులున్న స్టూడియోలో అయిదేళ్ల లోపు కనీసం ఒకటి పోవడానికి దాదాపు నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నట్టు.

డబ్బా మీద, కంపెనీ పత్రాల్లో ఈ సంగతిని ఇంకో విధంగా రాస్తారు. సగటున పాడవడానికి పట్టే కాలం 10 లక్షల గంటలు అని ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు కనుక, భాగిస్తే 114 ఏళ్లు వస్తాయి. ఒక డిస్క్ 114 ఏళ్లు బతుకుతుందని దీని అర్థం కానే కాదు. వెయ్యి డిస్కులను ఏడాది పాటు నడిపితే సుమారు తొమ్మిది పోతాయని మాత్రమే అది చెబుతుంది, అదీ డిస్కులు తమ మామూలు ఆయుర్దాయం లోపల ఉన్నంతవరకే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ 2007లో నిజంగా పని చేస్తున్న కంప్యూటర్ కేంద్రాల నుంచి వివరాలు సేకరించి చూస్తే, పత్రాల లెక్కన 0.88 శాతం దాటకూడని చోట 2 నుంచి 4 శాతం డిస్కులను ఏటా మార్చవలసి రావడం మామూలుగా కనిపించింది, కొన్నిచోట్ల అది 13 శాతం దాకా వెళ్లింది. కంపెనీ అంకె ప్రయోగశాలది, రెండో అంకె వాడకానిది.

పనిని బట్టి డిస్క్ మారాలన్న మాట అందరూ అంటారు గాని, లెక్క కట్టి చూపేవారు తక్కువ. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర షెడ్డులో నాలుగు కెమెరాలు పెట్టారనుకుందాం. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు, అంటే అర ఎంబీ చొప్పున రాస్తే రోజుకు 43 జీబీ అవుతుంది. నాలుగూ కలిపి 172 జీబీ దాటుతాయి. 1 టీబీ డిస్క్ ఆరు రోజులు తిరక్కముందే నిండి, పాతదాని మీద కొత్తది రాసుకోవడం మొదలవుతుంది. ఏడాదికి రాసేది 63 టీబీ. ఇంటి సిస్టంలో వాడే సీగేట్ బారకుడా డిస్కుకు కంపెనీ ఏటా 55 టీబీ పనిభారాన్ని, 2,400 గంటల నడకను లెక్కలోకి తీసుకుంటుంది. అదే కంపెనీ కెమెరాల కోసం అమ్మే స్కైహాక్‌కు గాని, వెస్టర్న్ డిజిటల్ పర్పుల్‌కు గాని 180 టీబీ, ఏడాది పొడవునా నడక అని రాసి ఉంటుంది. షెడ్డులో ఏటా 8,760 గంటలు నడిచిన ఇంటి డిస్క్ రెండేళ్లకు పోతే, అది తనకు చెప్పిన దానికి మూడున్నర రెట్లకు పైగా గంటలు నడిచి పోయినట్టు. దానిని చూపించి కంపెనీని తిట్టడం, ఇంటికి పాలిచ్చే ఆవును అరక దున్నించి అలిసిపోయిందని అనడం వంటిది. ధరలో తేడా పెద్దది కాకపోయినా, కెమెరాల బిల్లులో ఎక్కడో తగ్గించాలని చూసేటప్పుడు ముందుగా తగ్గేది డిస్కే కావడం విచారకరం. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల దగ్గర దీనికి రాతిపొడి తోడవుతుంది. కెమెరాల దృశ్యాలు రాసుకునే డీవీఆర్ పెట్టె గాలిరంధ్రాలు పూడిపోయి, లోపలి వేడి బయటికి పోదు.

పెళ్లి వీడియోల వారి అవసరం వేరు. వారికి ఒక్కసారిగా 200 జీబీ కార్డుల నుంచి దించుకోవాలి, మర్నాటి ముహూర్తానికి కార్డులు ఖాళీ కావాలి. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలు లేకుండా మెమరీ చిప్పుల్లోనే రాసుకునే పరికరం. ఇక్కడ ‘ఎస్‌ఎస్‌డీ అంటే వేగం, హార్డ్ డిస్క్ అంటే నత్తనడక’ అన్న మాటను అందరూ ఒప్పుకుంటారు. అది ఏ షరతు మీద నిజమో చూడాలంటే ఎస్‌ఎస్‌డీ రాసే తీరు తెలియాలి. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుఓకా 1980లలో రూపొందించిన ఫ్లాష్ మెమరీలో, 1987లో లోకానికి చూపిన నాండ్ రకమే ఈనాటి ఎస్‌ఎస్‌డీలకు, పెన్‌డ్రైవులకు, ఫోన్లకు ఆధారం. మార్కాపురం పలక మీద ఒక అక్షరం తప్పు పోతే వేలితో దాన్నొక్కదాన్నే చెరిపి దిద్దుకోవచ్చు. నాండ్ పలక మీద అది కుదరదు. రాయడం పేజీల చొప్పున జరుగుతుంది గాని, చెరపడం వందల పేజీలున్న బ్లాకు మొత్తానికీ కలిపే జరుగుతుంది. ఒక్క అక్షరం దిద్దాలన్నా పలకంతా తుడవాలి. అందుకే లోపల పని నడిపించే కంట్రోలర్ చిప్ దిద్దుబాటును వేరే ఖాళీ పలక మీద రాసి, పాతది చెల్లదని గుర్తు పెట్టుకుని, తీరిక దొరికినప్పుడు పాత పలకలు తుడుచుకుంటుంది. ఎస్‌ఎస్‌డీ నిండిపోయేకొద్దీ నెమ్మదించడానికి మూలం ఇదే. తుడిచిన పలకలు చేతిలో ఉండవు.

దీనికి తోడు ఒక్కో గడిలో ఎన్ని బిట్లు పెడుతున్నారన్నది ఇంకో లెక్క. ఒక బిట్ పెడితే రెండు విద్యుత్ స్థాయిలను వేరు చేసి గుర్తిస్తే చాలు. మూడు బిట్లు పెట్టే టీఎల్‌సీలో ఎనిమిది స్థాయిలు, నాలుగు బిట్లు పెట్టే క్యూఎల్‌సీలో పదహారు స్థాయిలు గుర్తించాలి. స్థాయిల మధ్య సందు తగ్గేకొద్దీ మెల్లగా, జాగ్రత్తగా రాయాలి, గడి కూడా త్వరగా అరుగుతుంది. చవకగా ఎక్కువ జాగా ఇవ్వడానికి కంపెనీలు ఎంచుకున్న దారి ఇది. నెమ్మదితనం కనిపించకుండా ముందు కొంత భాగాన్ని ఒక బిట్ పద్ధతిలో వేగంగా నింపి, తర్వాత సర్దుకుంటాయి. సామ్‌సంగ్ 870 క్యూవీఓ 1 టీబీ మోడల్‌లో ఆ వేగపు భాగం 42 జీబీ వరకేనని, అది నిండాక రాసే వేగం సెకనుకు 80 ఎంబీకి పడిపోతుందని కంపెనీయే తన పత్రంలో చెప్పింది. 200 జీబీ పెళ్లిని దీని మీదికి దించితే మొదటి 42 జీబీ నిమిషంన్నర లోపే పోతుంది, మిగిలిన 158 జీబీకి దాదాపు 33 నిమిషాలు పడుతుంది. సెకనుకు 150 ఎంబీ నిలకడగా రాసే మామూలు హార్డ్ డిస్క్ ఇదే పనిని 22 నిమిషాల్లో ముగిస్తుంది. డబ్బా మీద సెకనుకు 530 ఎంబీ అని ఉన్న ఎస్‌ఎస్‌డీ, నత్త అనిపించుకున్న డిస్కు చేతిలో ఓడిపోయింది. రెండు అంకెలూ నిజమే. 530 మొదటి 42 జీబీ వరకు నిజం.

హార్డ్ డిస్కులకూ ఇటువంటి దాపరికం ఒకటి ఉంది. పెంకుటింటి కప్పు మీద ఒక వరస పెంకులు కింది వరసను కొంత కప్పుతూ ఉంటాయి, కింది వరసలో ఒక పెంకు మార్చాలంటే పైవాటిని ఎత్తాలి. ఎస్‌ఎంఆర్ అనే పద్ధతిలో డిస్కు మీది వలయాలను అదే విధంగా ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కేలా రాసి, లోపల తిరిగే అదే పళ్లెం మీద ఎక్కువ జాగా సంపాదిస్తారు. రాసి దాచుకునే పనికి అది పనికొస్తుంది, పాతవి మాటిమాటికీ తిరగరాసే పనికి నెమ్మదిస్తుంది. వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ మోడళ్లలో ఈ పద్ధతి వాడుతూ ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పలేదని 2020 ఏప్రిల్‌లో బయటపడింది. ఎన్నో డిస్కులు కలిపి వాడే పెట్టెల కోసం అమ్మిన శ్రేణి కావడంతో, డిస్క్ మార్చి తిరిగి నింపేటప్పుడు చాలామంది ఇబ్బంది పడ్డారు. విమర్శలు పెరిగాక కంపెనీ జాబితా ప్రకటించి, పాత పద్ధతి డిస్కులకు రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. ఎస్‌ఎస్‌డీలలో పేరు మార్చకుండా లోపలి సరుకు మార్చిన సందర్భాలూ ఉన్నాయి. క్రూషియల్ పీ2 మొదట టీఎల్‌సీతో వచ్చి, 2021 నాటికి అదే పేరుతో క్యూఎల్‌సీగా మారినట్టు పరీక్షించినవారు చూపించారు. అందుచేత ఒక మోడల్ గురించి రెండేళ్ల కిందటి పరీక్షను పట్టుకుని వాదించేవారు, ఇవాళ దుకాణంలో దొరికే పెట్టెలో అదే వస్తువు ఉందని ముందు నిరూపించుకోవాలి. ఇది కొనుగోలుదారుకు జరుగుతున్న అన్యాయం. లోపలి సరుకు మారితే పేరూ మారాలని గట్టిగా అడగడమే న్యాయం.

ఇక ఇంటి సిస్టం వేగం సంగతి. పాత రకం కనెక్షన్ అయిన సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ కనెక్షన్ ఎస్‌ఎస్‌డీ 3,500, దాని తర్వాతి తరానిది 7,000 అంటూ అంకెలు చదివి, పాత ల్యాప్‌టాప్‌కు ఏది వేస్తే రెట్టింపు వేగం వస్తుందని విద్యార్థులు అడుగుతుంటారు. ఈ అంకెలన్నీ పెద్ద ఫైలును వరసగా చదివేటప్పటివి. విండోస్ లేచేటప్పుడు, బ్రౌజర్ తెరిచేటప్పుడు జరిగేది అది కాదు, వేలాది చిన్న ముక్కలను అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకోవడం. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన ముక్క దాన్ని చదివే సూది కిందికి రావడానికి సగటున అందులో సగం, సూది జరగడానికి మరో ఎనిమిదో తొమ్మిదో మిల్లీసెకన్లు. అంటే సెకనుకు వంద ముక్కలు కూడా ఏరలేదు. సాటా ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేల ముక్కలు ఏరుతుంది. హార్డ్ డిస్క్ తీసి ఏ ఎస్‌ఎస్‌డీ వేసినా పాత సిస్టంకు ప్రాణం లేచొచ్చినట్టు ఉండటం అందుకే. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు డబ్బా మీద ఆరేడు రెట్లు కనిపించినా, చిన్న ముక్కలు ఏరే వేగం ఆ స్థాయిలో పెరగదు కనుక ఇంటి వాడకంలో తేడా కొద్దిగానే తెలుస్తుంది. పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవారికి ఆ ఖర్చు దక్కుతుంది, ప్రాజెక్టు రిపోర్టు రాసుకునే విద్యార్థికి ఆ డబ్బుతో ర్యామ్ పెంచుకోవడం మేలు.

ఎస్‌ఎస్‌డీ రాసి రాసి అరిగిపోతుందన్న భయానికీ షరతే జవాబు. సామ్‌సంగ్ 870 ఈవో 1 టీబీకి హామీ 600 టీబీ రాత వరకు ఉంది. ఇంట్లో రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టీబీ, అంటే ఎనభై ఏళ్లు. అదే లెక్కను 360 టీబీ హామీ ఉన్న క్యూవీఓ మీద పెట్టి, రొయ్యల గుంటల దగ్గర నాలుగు కెమెరాలకు తగిలిస్తే ఆరేళ్లు నిండకముందే హామీ అయిపోతుంది, ఎనిమిది కెమెరాలైతే మూడేళ్లకు. భయపడవలసినవాడు భయపడక, అక్కరలేనివాడు భయపడుతున్నాడు.

1 టీబీ కొంటే 931 జీబీయే కనబడుతోందని దుకాణదారుతో పెట్టుకునే గొడవ మాత్రం ఒక్క మాటలో తేలేది. కంపెనీ వెయ్యితో గుణిస్తుంది, విండోస్ 1,024తో భాగిస్తుంది, ఎవరూ ఏమీ తీసుకోలేదు. వేగం దగ్గర బిట్లు, బైట్ల గందరగోళమూ ఇలాంటిదే. 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2.0 మీద నిజంగా వచ్చేది సెకనుకు 35, 40 ఎంబీ. టైప్-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన వేగం ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. 2023లో వచ్చిన ఐఫోన్ 15కు టైప్-సీ ఉంది గాని దాని వేగం యూఎస్‌బీ 2.0దే. ఫోన్‌తో వచ్చిన ఛార్జింగ్ కేబుల్‌తో ఎస్‌ఎస్‌డీని తగిలించి, ఎస్‌ఎస్‌డీ చెడ్డదని తీర్మానించేవారు ముందు కేబుల్ మార్చి చూడాలి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఈ వాదనలు తప్పక తిరిగి వచ్చే చోటు ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలకు హార్డ్ డిస్కులు పోతాయని గట్టి నమ్మకం ఉంది. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ పరిశోధకులు 2007లో ప్రకటించిన పత్రం ఈ నమ్మకాన్ని కొంత కదిలించింది. మామూలు ఉష్ణోగ్రతల్లో వేడికీ పాడవడానికీ అనుకున్నంత సంబంధం కనిపించలేదు, బాగా ఎక్కువ వేడిలో, అదీ వయసు మీరిన డిస్కుల్లోనే ఆ ప్రభావం స్పష్టమైంది. దీన్ని పట్టుకుని వేడి ఏమీ చేయదని వాదించేవారు, ఆ డిస్కులు చల్లదనం అదుపులో ఉన్న కేంద్రాల్లో నడిచాయన్న సంగతి వదిలేస్తారు. మధ్యాహ్నం రెండు గంటలకు రేకుల షెడ్డులోని డీవీఆర్ పెట్టె ఆ పరిశీలనలో లేదు. తీరప్రాంతానికి ఇంకా ముఖ్యమైన ఫలితం 2016లో వచ్చింది. మైక్రోసాఫ్ట్‌కు చెందిన తొమ్మిది కేంద్రాల్లో పది లక్షలకు పైగా డిస్కులను చూసినవారు, ఉష్ణోగ్రత కంటే గాలిలోని తేమే భాగాలను ఎక్కువగా పాడు చేస్తున్నట్టు తేల్చారు. ఆ తేమ దెబ్బ పళ్లెం మీద కంటే కంట్రోలర్, కనెక్షన్ల మీద పడుతుంది. అల్లూరు, కొత్తపట్నం వంటి సముద్రపు ఒడ్డున తేమకు ఉప్పు కూడా తోడవుతుంది కనుక, అక్కడ ఫ్యాను పెట్టడం కంటే పెట్టెను ఉప్పుగాలి తగలని గదిలోకి మార్చడం ఎక్కువ పని చేస్తుంది.

ఎస్‌ఎస్‌డీని బీరువాలో పెడితే లోపలివి కొద్ది రోజులకే చెరిగిపోతాయన్న మాట 2015లో బాగా తిరిగింది, ఇప్పటికీ తిరుగుతోంది. దాని మూలం, చిప్పుల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణంలోని ఒక పట్టిక. ఇంటి రకం ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు సమాచారాన్ని నిలపాలని ఆ ప్రమాణం అడుగుతుంది, నిల్వ ఉంచిన చోట వేడి ప్రతి 5 డిగ్రీలు పెరిగేకొద్దీ ఆ కాలం దాదాపు సగమవుతుందని పట్టిక చూపుతుంది. వార్తల్లో జారిపోయిన షరతు ఏమిటంటే, ఆ కాలం రాత హామీ మొత్తం వాడేసి పూర్తిగా అరిగిన ఎస్‌ఎస్‌డీకి సంబంధించినది. కొద్దిగా వాడిన ఎస్‌ఎస్‌డీ అంతకంటే ఎంతో ఎక్కువ కాలం నిలుపుతుంది. అయినా మే నెలలో 40 దాటే ఊళ్లలో, మేడ మీద గదిలో, అరిగిన పాత ఎస్‌ఎస్‌డీలో పెళ్లి వీడియోను ఏళ్ల తరబడి వదిలేయడం తెలివైన పని కాదు. బీరువాలో దాచేందుకు హార్డ్ డిస్కే నయం, ఏడాదికొకసారి దానినీ తగిలించి తెరిచి చూడాలి.

పాడయ్యే ముందు డిస్కే చెబుతుందన్న ధీమా చాలామందికి ఉంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి సాఫ్ట్‌వేర్ చూపే స్మార్ట్ వివరాల్లో, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్కల్లో, బ్యాడ్ సెక్టార్ల (పాడైన భాగాల) సంఖ్య పెరుగుతుంటే తప్పక జాగ్రత్తపడాలి. కానీ పైన చెప్పిన గూగుల్ పత్రంలోనే, పోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా ఏ హెచ్చరికా చూపకుండా పోయాయని ఉంది. ‘గుడ్’ అన్న నీలం గుర్తు ఉందంటే చెడు కనిపించలేదని అర్థం, లేదని కాదు. పైగా ఆ వివరాలను చెరిపి పాత డిస్కును కొత్తదిగా అమ్మే మోసమూ ఉంది. 2025 మొదట్లో యూరప్‌లో వేల గంటలు నడిచిన సీగేట్ డిస్కులు కొత్తవిగా అమ్ముడైనట్టు బయటపడింది, స్మార్ట్ సున్నా చూపినా, సీగేట్ డిస్కు లోపల విడిగా ఉండే ‘ఫార్మ్’ అనే లెక్క అసలు గంటలు చెప్పేసింది. రెండు మూడు వేలకు 16 టీబీ అంటూ అమ్మే పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలు ఇంకా హీనం. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, నిండాక మొదటి నుంచీ దాని మీదే తిరగరాసేలా చేస్తారు. ఫైళ్ల పేర్లు కనబడతాయి, తెరిస్తే ఏమీ ఉండదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నింపి తిరిగి చదివిస్తే బండారం బయటపడుతుంది. అలాంటివి కొన్నవారిని ఎగతాళి చేయడం తగదు. డబ్బా మీద అంకె వేసి అమ్మినవాడిదే తప్పు.

హెచ్చరిక లేకుండా పోవచ్చు గనుక, ఏ డిస్క్ మంచిదన్న ప్రశ్న కంటే రెండో ప్రతి ఎక్కడ ఉందన్న ప్రశ్నే స్టూడియో వారికి ముఖ్యం. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట అన్న పద్ధతికి ప్రచారం తెచ్చిన పీటర్ క్రోగ్ స్వయంగా ఫొటోగ్రాఫర్. ‘రెండు రకాలు’ అన్న మాటను ఛాదస్తమని కొట్టిపారేసేవారు, సర్వర్లు అమ్మే హెచ్‌పీఈ కంపెనీ 2019 నవంబరులో ఇచ్చిన హెచ్చరిక చూడాలి. ఆ కంపెనీ సర్వర్లలో వాడిన కొన్ని ఎస్‌ఎస్‌డీలు, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) లోపం వల్ల సరిగ్గా 32,768 గంటలు నడిచాక, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకు, శాశ్వతంగా ఆగిపోతాయని అందులో ఉంది. ఒకే రోజు కొని, ఒకే రోజు ఆన్ చేసిన జత అయితే రెండూ ఒకే గంటకు పోతాయి. ‘వేరే చోట’ అన్నదానికి నెల్లూరువాళ్లు ఒంగోలును, ఒంగోలువాళ్లు నెల్లూరును ఎంచుకుంటారు. దగ్గర కాబట్టి అది సహజమే గాని, రెండు ఊళ్లూ ఒకే తీరాన, ఒకే వాయుగుండం దారిలో ఉన్నాయి. హైదరాబాదులోనో బెంగళూరులోనో కొలువు చేస్తున్న బిడ్డ ఇంట్లో పండక్కొకసారి మార్చే డిస్క్ దీనికంటే భద్రం.

2021 నవంబరులో సోమశిల నుంచి వచ్చిన వరదకు పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, నది ఒడ్డు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అటువంటప్పుడు తడిసిన డిస్కును ఎండలో ఆరబెట్టి, పని చేస్తుందేమోనని కరెంటు ఇచ్చి చూడటం అందరూ చేసే పని, చేయకూడనిదీ అదే. సూది పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది, ఒక వెంట్రుక మందం దానికి వేల రెట్లు. లోపలికి దిగిన బురద ఆరి పళ్లెం మీద గట్టిపడితే, తిరిగిన మొదటి క్షణంలోనే సూది దాన్ని గీరేస్తుంది. ఆరనివ్వకుండా, తడితోనే గాలి చొరని కవరులో మూసి, డేటా తీసే ప్రయోగశాలకు చేర్చాలి. ప్లేటు విప్పి చూస్తామనే దుకాణంలో ఇవ్వకూడదు. చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి అదే మోడల్ డిస్క్ కొని, దాని బోర్డు పీకి పాతదానికి తగిలించే ప్రయత్నమూ ఈ కాలపు డిస్కుల్లో సాధారణంగా ఫలించదు. ఏ డిస్కు సూదికి, పళ్లేనికి సరిపడే కొలతలు ఆ డిస్కు బోర్డు మీది చిప్‌లోనే రాసి ఉంటాయి. కాబట్టి తుప్పు పట్టిందని పాత బోర్డును పారేయకుండా, అదెలా ఉన్నా డిస్కుతో పాటే పంపాలి.